దెబ్బ దాచుకోవడం పిల్లలకు మనమే నేర్పుతున్నాం: క్రీడల మంత్రి గారికి ఒంగోలు నుంచి ఒక కోచ్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒంగోలులో తెల్లవారుజామున పిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంటాను. పగలు వేరే ఉద్యోగం. నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి పోయిన నెలలో, జాతీయ పోటీలకు జట్టును ఎంచే రాష్ట్ర సెలక్షన్స్ బౌట్ (పోటీ) నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. కుడిచేతి ఎముక విరిగింది. బాక్సింగ్‌లో దెబ్బలు తగులుతాయి, అది తెలిసే ఈ ఆటలోకి వస్తాం. అంతవరకే అయితే మీకు ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. ఎముక విరిగిన సంగతి ఆ పిల్ల నాలుగు రోజుల పాటు నా దగ్గర దాచింది. ఎందుకు దాచిందో విన్నాక నాకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

వాళ్లది చీమకుర్తి రోడ్డులో ఒక పల్లె. నాన్న గ్రానైట్ క్వారీలో కూలి. అమ్మ సీజన్‌లో పొగాకు గ్రేడింగ్‌కి పోతుంది, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పని. ఈ పిల్ల నాలుగేళ్లుగా తొలి బస్సు పట్టుకుని వస్తోంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక ఆ చార్జీల బాధ తప్పిందని వాళ్లమ్మ నాతో ఎన్నోసార్లు అంది. మీ ప్రభుత్వం చేసిన మేలు అది, చెప్పుకోవాలి. 51 కిలోల విభాగంలో ఆడుతుంది. ఆదివారాలు కొత్తపట్నం సముద్రతీరానికి తీసుకెళ్లి ఇసుకలో పరుగెత్తిస్తే మగపిల్లలు కూడా దాని వెనకే ఉంటారు.

సెలక్షన్స్ తొమ్మిది రోజులుందనగా, ఒక మంగళవారం పొద్దున స్పారింగ్, అంటే ఇద్దరి మధ్య సాధన బౌట్, చేయించాను. రెండో రౌండ్‌లో తను కుడిచేత్తో హుక్ (పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దు) విసిరింది. ఎదుటి పిల్ల కాచుకోవడానికి చెయ్యి దించింది. పిడికిలి పోయి మోచేతి మొనకు తగిలింది. చూస్తూనే ఉన్నాను. ఒక్క క్షణం మొహం ముడుచుకుని, మళ్లీ చేతులెత్తి ఆడేసింది. ఏమైందని అడిగితే "ఏం కాలేదు సార్" అంది. నమ్మాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. ఈ బరువు వాళ్లకు పోటీలో 10 ఔన్సుల గ్లవ్స్ ఇస్తారు. సాధనలో అంతకంటే దళసరివి, 14 ఔన్సులవో 16 ఔన్సులవో వాడాలి. మా దగ్గర పదకొండు మంది పిల్లలకు నాలుగు జతలున్నాయి. ఆ రోజు తను వేసుకున్న జతలో చిటికెన వేలి వైపు మెత్త పూర్తిగా అణిగిపోయింది. బొటనవేలితో నొక్కితే లోపల వేలి కణుపు తెలిసేది. ఆ జత మార్చాలని రెండు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. తీసి పక్కన పడేస్తే ఇద్దరు పిల్లలు ఊరికే కూర్చోవాలని అలాగే నెట్టుకొచ్చాను. ఎవరి మీదా తోయడం లేదు. ఆ గ్లవ్స్ ఆ పిల్ల చేతికి తొడిగింది నేనే.

శనివారం పొద్దున బయటపడింది. గ్లవ్స్ వేసుకునే ముందు చేతికి నాలుగైదు మీటర్ల పొడవు గుడ్డపట్టీ చుట్టుకుంటారు. ఆ పిల్ల దాన్ని కళ్లు మూసుకుని చుట్టగలదు. ఆ రోజు ఎంతసేపటికీ తెమలలేదు. పట్టీ కొస పళ్లతో పట్టుకుని లాగుతోంది. కుడిచెయ్యి చూపించమన్నాను. వెనక్కి దాచుకుంది. గట్టిగా అడిగితే చాపింది. పిడికిలి బిగిస్తే నాలుగు కణుపులు వరుసగా గుట్టల్లా లేచి కనిపించాలి. దాని చేతికి మూడే కనిపించాయి. చిటికెన వేలి దగ్గర పల్లం. ఆ వేలు తిన్నగా ముడుచుకోకుండా ఉంగరపు వేలి కిందికి దూరిపోతోంది. చెయ్యి వెనకవైపు వంకాయ రంగుకు తిరిగింది. ఆ చేత్తో నాలుగు రోజులు పంచింగ్ బ్యాగ్ కొట్టింది మంత్రి గారూ.

ఎక్స్‌రే తీయించాం. డాక్టరు గారు ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పట్టుకుని, చిటికెన వేలికి ఆనుకుని అరచేతిలో ఉండే ఎముక మెడ దగ్గర విరిగి ముందుకు వంగిందని చూపించారు. డాక్టర్లు దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారట. పేరు మాది గానీ, పద్ధతిగా నేర్చుకున్న బాక్సర్లకు ఇది అంత తరచుగా రాదు. వాళ్లు చూపుడు వేలు, మధ్య వేలు కణుపులతో కొడతారు. కోపంతో గోడలు గుద్దేవాళ్లకే ఇది ఎక్కువ. దెబ్బ వంకరగా పడి, గ్లవ్స్‌లో మెత్త లేకపోతే నేర్చినవాళ్లకూ వస్తుంది. నాలుగు వారాలు కట్టు, ఆ తర్వాత ఇంకో నాలుగు వారాలు బ్యాగ్ ముట్టుకోకూడదన్నారు.

అప్పుడు ఆ పిల్ల డాక్టరు గారితో అన్న మాట ఇది: "సార్, బౌట్ మూడు రౌండ్లే. తొమ్మిది నిమిషాలు. ఎడం చేత్తో లాక్కొస్తా, కట్టు తర్వాత వేయండి." ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, ఆ తొమ్మిది నిమిషాల్లో ఎముక ఇంకా జరిగితే ఆపరేషన్ చేసి తీగలు పెట్టాల్సొస్తుందని, వేలు ఎప్పటికీ వంకరగానే ఉండిపోవచ్చని నెమ్మదిగా చెప్పారు. వాళ్లమ్మ నా వైపు తిరిగి, "మాష్టారూ, మీరు చెప్తే ఇంటది. వద్దని చెప్పండి" అంది. వద్దని చెప్పాను. నా ఇరవై ఏళ్లలో అంత కష్టంగా చెప్పిన మాట ఇంకోటి లేదు.

బయటికొచ్చాక అడిగాను, ఎందుకు దాచావమ్మా అని. "చెప్తే మీరు పంపరుగా సార్. ఈ యేడు పోతే నాకింక లేదుగా" అంది.

అది చెప్పింది నిజం. అందుకే నాకు నిద్ర పట్టలేదు. బాక్సింగ్‌లో యూత్ విభాగం 17, 18 ఏళ్ల వాళ్లకే. పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్క. ఈ ఏడాది దానికి 18. వచ్చే ఏడాది సీనియర్లలో పడుతుంది. అక్కడ ముప్పై ఏళ్ల వాళ్లు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఎదురవుతారు. యూత్ నేషనల్స్‌లో ఆడిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే డిగ్రీ సీటుకు, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. లేకపోతే నాలుగేళ్లు బాక్సింగ్ నేర్చుకున్నట్టు రుజువు కూడా ఉండదు. నిర్వాహకులకు ఎక్స్‌రే, డాక్టరు కాగితం వాట్సాప్‌లో పంపి, చెయ్యి బాగయ్యాక ఒక్క ట్రయల్ పెట్టమని బతిమాలాను. నేషనల్స్‌కి ఇంకా మూడు నెలలుంది. "అలాంటి పద్ధతి లేదు మాష్టారూ, బౌట్‌కి ముందు వెయిట్ చూసేటప్పుడు రాకపోతే పేరు తీసేస్తాం" అన్నారు. వాళ్లనీ నేను తప్పుపట్టను. పద్ధతి నిజంగానే లేదు. అది పెట్టగలిగినవారు మీరు.

మాది ఒంగోలు గిత్తల సీమ. ఇక్కడ తిరునాళ్లకీ సంక్రాంతికీ బండలాగుడు పోటీలు పెడతారు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి గిత్తలను విడదీస్తారు, మా ఆటలో బరువును బట్టి విడదీసినట్టే. ఏడాదంతా ఉలవలు పెట్టి మేపిన రైతు, పందెం నాటి పొద్దున గిత్త కాలు కాస్త ఈడుస్తోందంటే కాడి దించి ఇంటికి తోలుకుపోతాడు. ఎవరూ ఏమీ అనరు. నలుగురూ దగ్గరికొచ్చి గిట్ట చూసి, ఏ పసరు కట్టాలో చెప్పిపోతారు. గిత్తకు దక్కే ఆ ఆదరణ మా పిల్లలకు దక్కాలని కోరుకుంటున్నాను.

పెద్దపెద్ద బాక్సర్లు కూడా దెబ్బ తగిలి తప్పుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వికాస్ క్రిషన్ సెమీఫైనల్ దాకా వెళ్లి, కంటి దగ్గర గాయంతో డాక్టర్లు ఒప్పుకోక ఆ బౌట్ ఆడలేకపోయాడు. అయినా అప్పటిదాకా గెలిచినందుకు కాంస్యం అతనికే దక్కింది. 2022లో మేరీకోమ్ కామన్వెల్త్ ట్రయల్స్‌లో మోకాలు మెలిపడి రింగులోనే ఆట ఆపేసింది. మన తెలుగు బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజానికి దెబ్బ తగిలి, ఆపరేషన్ చేయించుకుని చాలాకాలం ఆటకు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ భుజంతో మొండిగా ఆడి ఉంటే ఆ రెండు బంగారు పతకాలు మనం చూసేవాళ్లమా? టోక్యో ఒలింపిక్స్‌లో సతీశ్ కుమార్ మొహం మీద 13 కుట్లతో క్వార్టర్ ఫైనల్ ఆడాడు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అతని పక్కన డాక్టర్లున్నారు, ఫిజియోలున్నారు. మా పిల్లల పక్కన ఐస్ ముక్కలు కట్టిన చేతిగుడ్డ పట్టుకుని నేనొక్కణ్ణే ఉంటాను.

చేతి ఎముక దాచుకున్న పిల్ల రేపు తలకు తగిలిన దెబ్బ కూడా దాచుకుంటుంది. నా అసలు భయం అది. తలదెబ్బతో నాకౌట్ అయిన బాక్సర్‌ను కనీసం 30 రోజులు రింగు ఎక్కనివ్వకూడదని అంతర్జాతీయ నియమం. అందుకోసం ప్రతి బాక్సర్‌కూ ఒక రికార్డు పుస్తకం ఉండాలి, ప్రతి పోటీలో డాక్టరు అందులో రాయాలి. చిన్న ఊళ్ల టోర్నమెంట్లలో ఆ పుస్తకం తెరిచినవాళ్లను నేను చూడలేదు. ఒక ఊళ్లో కళ్లు తిరిగి పడిన కుర్రాడు పది రోజులకు ఇంకో ఊళ్లో రింగెక్కడం మాత్రం చూశాను. తలనొప్పిగా ఉందా అని అడిగితే లేదనే అంటారు. ఉందంటే ఆపేస్తారని వాళ్లకు తెలుసు.

2024లో మీ ప్రభుత్వం కొత్త క్రీడా విధానం తెచ్చింది. ఒలింపిక్స్ బంగారు పతకానికి 75 లక్షల నుంచి 7 కోట్లకు పెంచారు. ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతం చేశారు. ఆ వార్త వచ్చిన రోజు పేపరు కత్తిరించి మా షెడ్డు గోడకు అంటించాను. ఇప్పటికీ ఉంది. ఆ 3 శాతం చూసే క్వారీ కూలీలు ఆడపిల్లల్ని చీకటితో లేపి నా దగ్గరికి పంపుతున్నారు. ఆ కోటా దాకా నడిచే దారిలో పిల్లకు చెయ్యి విరిగితే ఎవరు చూస్తారన్నది కూడా అదే విధానంలో చేర్చండి. జాతీయ శిక్షణ శిబిరాల్లో ఉన్నవాళ్లకు, ఖేలో ఇండియా క్రీడాకారులకు 2020లో కేంద్రం 5 లక్షల వైద్య బీమా ఇచ్చింది. మంచిదే. అక్కడి దాకా చేరని పిల్లలే ఎక్కువ మంది, దెబ్బలు ఎక్కువ తగిలేదీ వాళ్లకే. జిల్లాలో పేరు నమోదు చేసుకుని ఆడే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ రాష్ట్రం ఒక చిన్న బీమా కట్టలేదా? ఎక్స్‌రేకి, కట్టుకి, ఫిజియోథెరపీకి సరిపడేంత చాలు. ఈసారి ఆ ఖర్చు వాళ్ల నాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పెట్టాడు. సగం నేను ఇస్తానంటే ఒప్పుకోలేదు.

అన్నిటికంటే ముందు నేను అడిగేది పైసా ఖర్చు లేనిది. డాక్టరు సర్టిఫికెట్‌తో తప్పుకున్న క్రీడాకారులకు, తుది జాబితా పంపేలోగా కోలుకుంటే, ఒక్క ట్రయల్ ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. అప్పటికే ఎంపికైన పిల్లకు అన్యాయం జరగకూడదు. ఇద్దరికీ రింగులో బౌట్ పెట్టండి, గెలిచినవాళ్లు వెళ్తారు. దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయని మీ అధికారులు అనొచ్చు. ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టరు సంతకం, ఎక్స్‌రే రెండూ అడగండి. ఎక్స్‌రేలో ఎముక అబద్ధం చెప్పదు. ఈ ఒక్క ఉత్తర్వు ఉండుంటే మంగళవారమే ఆ పిల్ల నా దగ్గరికొచ్చి చెయ్యి చూపించేది. నాలుగు రోజులు విరిగిన ఎముకతో బ్యాగ్ కొట్టేది కాదు.

గ్లవ్స్ సంగతి కూడా ఒక మాట. జిల్లాలకు క్రీడా సామాగ్రి పంపేటప్పుడు జతల లెక్కతో సరిపెట్టకుండా, మెత్త అణిగిపోయినవి వెనక్కి తీసుకుని కొత్తవిచ్చే ఏర్పాటు చేయండి. పాత జత నేను ఆ శనివారమే కోసి పడేశాను. ఇప్పుడు మాకు మూడే ఉన్నాయి.

కట్టు ఇంకా విప్పలేదు. అయినా ఆ పిల్ల రోజూ తొలి బస్సుకే వస్తోంది. కుడిచెయ్యి మెడకు వేలాడేసుకుని ఎడం చేత్తో జాబ్‌లు (తిన్నగా కొట్టే గుద్దులు) విసురుతుంది, కాళ్ల కదలికలు చేస్తుంది. నిన్న పొద్దున చిన్నపిల్లలకు పట్టీ ఎలా చుట్టాలో నోటితో చెప్తూ నేర్పించింది. మధ్యలో నన్ను పిలిచి, మంత్రి గారికి రాశారా సార్ అని అడిగింది. రాస్తానన్నాను, రాశాను. నేషనల్స్ జాబితా ఇంకా వెళ్లలేదు. డాక్టరు గారు చెప్పిన ఎనిమిది వారాలు ఆ జాబితా పంపడానికి పన్నెండు రోజుల ముందే పూర్తవుతాయి. ఆలోగా మీ నుంచి ఉత్తర్వు వస్తే ఆ పిల్లను ట్రయల్‌కి నేనే వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక బాక్సింగ్ కోచ్,
ఒంగోలు, ప్రకాశం జిల్లా