డిక్షనరీ కొనొద్దు, ఓ పావుగంట ఫోనివ్వండి

తల్లిదండ్రులకు నమస్కారం.

కిందటి పేరెంట్స్ మీటింగులో చాలామంది ఒకటే అడిగారు, పిల్లలకి ఏ డిక్షనరీ కొనమంటారని. ఏదీ కొనొద్దండి. బళ్లో లైబ్రరీ ఉంది, ఇంట్లో మీ ఫోనులో అంతకన్నా పెద్దవి ఊరికే దొరుకుతున్నాయి. హోంవర్కు వేళ ఓ పావుగంట ఆ ఫోను పిల్లలకివ్వండి చాలు, అదీ మీరు పక్కన కూర్చుని (ఇస్తే రీల్స్‌లోకి పోతారని మీకెంత భయమో నాకూ అంతే).

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, పిల్లలు మాట వెతకడం మానేసి పేరా మొత్తం ఫొటో తీసి అనువాదం యాప్‌లో పడేసి, వచ్చింది వచ్చినట్టు నోట్సులోకి ఎక్కించేస్తున్నారు. ఏడో తరగతి నోట్సులో ఇంగ్లీషు 'కెనాల్ లాక్' (canal lock)కి 'కాలువ తాళం' అని ఉంది. రాసినవాడి ఇల్లేమో లాకుల పక్కనే! డిక్షనరీలో ఒకే మాటకి అర్థాలు వరసగా ఉంటాయి, కిందికి చదువుకుంటూ పోతే తాళం తర్వాత పడవలు దాటించే లాకూ తగులుతుంది. మొదటి అర్థం దగ్గరే ఆగిపోనివ్వకండి.

తెలుగు మాటలకి ఆంధ్రభారతి సైటు చూడండి. ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్, సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఇంకా బోలెడు, అన్నిట్లో ఉన్న అర్థాలూ ఒక్కచోటే వస్తాయి. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాదే, సూర్యరాయాంధ్రమేమో మన పిఠాపురం రాజావారు డబ్బు పెట్టి చేయించింది. పాత పుస్తకాలు కాబట్టి అరసున్నలుంటాయి, కంగారు పడొద్దని చెప్పండి. 'చదివించారు' అని కొడితే దొరక్కపోవచ్చు, 'చదివించు' అని కొట్టాలి. 'ళ్ళ'తో దొరక్కపోతే 'ళ్ల'తో చూడాలి. తెలుగు టైపింగ్ రాకపోతే కీబోర్డులో మైకు నొక్కి పలికితే అదే రాసుకుంటుంది.

ఇంగ్లీషుకి కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ చాలు. స్పీకరు బొమ్మ నొక్కితే పలికి వినిపిస్తాయి, ఉదాహరణ వాక్యాలుంటాయి, అర్థం కన్నా ముందు అవి చదివించండి. విక్షనరీ కూడా బావుంటుంది కానీ అందులో ఎవరైనా రాయొచ్చు, మార్చొచ్చు, అందుకని ఇంకోచోట సరిచూసుకోవాలి.

ఫ్రీ సైట్లలో ప్రకటనలు ఎక్కువ. 'డౌన్‌లోడ్' అనో 'మీకు బహుమతి వచ్చింది' అనో కనబడితే నొక్కొద్దని గట్టిగా చెప్పండి. మాటకి అర్థం చూడటానికి ఓటీపీ, డబ్బు, ఫోన్ నంబరు ఏవీ అక్కర్లేదు.

సంక్రాంతి సెలవులకి పెద్ద హోంవర్కేమీ లేదు. తాతయ్యనో అమ్మమ్మనో అడిగి వ్యవసాయం మాటలు ఓ పది రాసుకు రావాలి, సార్వా, దాళ్వా, ఊడ్పులు, బోదె ఇలాంటివి. ఒక్కొక్కటీ నిఘంటువులో వెతికి, దొరికిన అర్థమూ తాతయ్య చెప్పిందీ పక్కపక్కన రాయాలి. దొరకని మాటలు కొట్టేయొద్దు, తాతయ్య చెప్పిందే రాసి పక్కన చుక్క పెట్టమనండి. తెలుగు మాస్టారు వాటిని విక్షనరీలో చేర్పిస్తామంటున్నారు. సెలవులయ్యాక బడి తెరిచిన రోజే ఆ కాగితం పంపండి.

మీ
హెడ్‌మాస్టరు