ఇటలీలోని రిమినీ తీరంలో మా బాబును వెతికిపెట్టిన పెద్దావిడకు

పేరైనా అడగలేదమ్మా, అదే నా బాధ. పచ్చ టోపీ, చేతిలో సగం కొరికిన పీచ్ పండు, అవే గుర్తు.

రిమినీ తీరం దాదాపు 15 కిలోమీటర్లు. గొడుగులు వరుసలు కట్టి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్కో భాగానికి ఒక్కో నంబరు, నిజమే, కానీ నాలుగేళ్ల పిల్లాడికి నంబరేం తెలుస్తుంది? బకెట్ కడుక్కొచ్చేలోపు మావాడు లేడు. అక్కడ ఏడ్రియాటిక్ సముద్రం చాలాదూరం లోతుండదు. అయినా తల్లి ప్రాణం ఊరుకుంటుందా!

మీరే నా చెయ్యి పట్టుకుని నడిపించారు. తప్పిపోయిన పిల్లల గురించి తీరం పొడవునా మైకుల్లో చెబుతారని మీవల్లే తెలిసింది. ఎర్ర నిక్కరు, వెండి మొలతాడు అని నేను సైగలు చేస్తుంటే, మీరు ఇటాలియన్‌లో అవన్నీ చెప్పించారు. ఇరవై నిమిషాలకు ఎవరో వాణ్ణి ఎత్తుకొచ్చారు, మూతినిండా ఇసుకతో.

నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే మీ తువ్వాలు అంచుతో నా కళ్లు తుడిచారు. సంచిలోంచి ఇంకో పీచ్ తీసి వాడి చేతిలో పెట్టారు. మీ భాషలో నాకు వచ్చిన మాట ‘గ్రాత్సియే’, అంటే థాంక్స్, అదొక్కటే. అది చాలదు, అందుకే నా భాషలో చెబుతున్నా: మీ కడుపు చల్లగా ఉండాలి, తల్లీ.