అమ్మా, ఆ రక్తం సంగతి

అమ్మా,

ఎలా ఉన్నావ్, నాన్న ఎలా ఉన్నారు. మొన్న పళ్ళు తోముతుంటే రక్తం వస్తోంది, అందుకే పైపైన తోమి వదిలేస్తున్నా అన్నావ్ కదా, ఫోన్లో చెప్తే సగం విని సరేలే అంటావని ఇదంతా రాస్తున్నా, మధ్యలో ఆపకుండా చదువు.

ఆ రక్తం బ్రష్ గీసుకుని వచ్చేది కాదమ్మా. పన్నూ చిగురూ కలిసే చోట పాచి పేరుకుంటే అందులో బ్యాక్టీరియా వల్ల చిగురు వాచి ఎర్రబడుతుంది, ఇక తగిలితే చాలు రక్తం. నువ్వు తోమడం తగ్గించేకొద్దీ పాచి ఎక్కువవుతుంది, రక్తమూ ఎక్కువే వస్తుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే ఆయన 12 మందిని, ఎక్కువమంది డెంటల్ స్టూడెంట్లే, కావాలనే తోముకోవద్దన్నాడు, మూడు వారాలు తిరక్కుండా అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ తోమడం మొదలెట్టాక తగ్గిపోయాయి. ఈ చిగుళ్ళ వాపునే జింజివైటిస్ అంటారు, ఇక్కడితో పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది.

వదిలేస్తేనే అసలు గొడవ. పాచి గట్టిపడి గారవుతుంది, దాన్ని ఏ పేస్టూ ఉప్పునీళ్ళూ కదిలించలేవు. చిగురు పన్ను నుంచి విడిపోయి సందు ఏర్పడుతుంది, పాకెట్ అంటారు, అది లోతయ్యేకొద్దీ లోపల ఎముక కరుగుతుంది, గుంజ చుట్టూ మట్టి కొట్టుకుపోతే గుంజ ఊగినట్టు పన్ను కదులుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పే ఉండదు, నువ్వేమో నొప్పి లేదుగా అంటావ్! బాబాయ్‌కి రక్తం రావట్లేదని మురిసిపోవద్దని చెప్పు, సిగరెట్ వల్ల చిగుళ్ళకి రక్తం సరిగ్గా అందక జబ్బున్నా పైకి కనపడదు.

ఇక క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న నీ భయం. ఎముక ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది, గార అడ్డుపెట్టి పట్టుకుని ఉంటుంది కాబట్టి తెలీదు, అది తీసేసరికి బయటపడుతుంది, నింద మాత్రం డాక్టర్ మీద. వాపు తగ్గి చిగురు కిందికి జరగడం వల్ల పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లటివి జివ్వుమంటాయి, భయపడకు.

పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు సన్నటి కొలతపుల్ల పెట్టి ప్రతి పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తారు, నాకు ఇక్కడ చేసినప్పుడు నంబర్లు పైకి చదువుతుంటే పరీక్ష మార్కుల్లా అనిపించింది. మూడు మిల్లీమీటర్ల వరకూ మామూలే, నాలుగు గానీ ఆపైన గానీ ఉండి రక్తం వస్తుంటే పట్టించుకోవాలి. ఎక్స్‌రే తీసి ఎముక చూస్తారు. తర్వాత మత్తు ఇచ్చి చిగురు కింద వేర్ల మీదున్న గార కూడా తీస్తారు, రెండు మూడు నెలలాగి మళ్ళీ కొలుస్తారు, అప్పటికీ లోతు పాకెట్లు మిగిలితేనే చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్. ఆ తర్వాత కూడా మూడు నాలుగు నెలలకోసారి వెళ్తూ ఉండాలి, చాలామంది ఇక్కడే ఎగ్గొడతారు.

నీకు షుగర్ ఉంది కాబట్టి ఇంత గొడవ చేస్తున్నా. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టం, ట్రీట్‌మెంట్ చేయించుకుంటే మూడు నెలల షుగర్ టెస్ట్ నంబర్ కూడా కాస్త తగ్గుతుంది. నాన్న బీపీకి వేసుకునేది ఆమ్లోడిపిన్ అయితే కొందరికి దానివల్ల కూడా చిగుళ్ళు ఉబ్బుతాయి, అలా అని మాత్ర ఆపేయొద్దు, ఇద్దరి మందుల చీటీలూ డాక్టర్‌కి చూపించండి, రక్తం పలచన చేసే మాత్రలుంటే అవి ముఖ్యంగా.

అప్పటిదాకా మెత్తటి బ్రష్‌తో రోజుకి రెండుసార్లు చిగురు అంచు దగ్గర నెమ్మదిగా తోము, పళ్ళ సందుల్లోకి దూరే చిన్న బ్రష్‌లు దొరుకుతాయి, అవి వాడు. మొదట్లో రక్తం వచ్చినా ఆపకు. వెళ్ళొచ్చాక ఆ కొలతల చార్ట్ ఫోటో తీసి పెట్టు, నేను చూడాలి.

నీ చిన్నోడు