భాద్రపద వార్తాలేఖ: డ్రమ్ములో నిమజ్జనం గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం మన బడి వినాయకుణ్ణి ఆవరణలోనే, నీళ్ల డ్రమ్ములో నిమజ్జనం చేశాం. సాయంత్రానికల్లా అర నిమిషం వీడియో ఒకటి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది. "దేవుణ్ణి డ్రమ్ముల ముంచుడేంది?" అని ఒకరు, "పానగల్లు చెరువు దాకా తీస్కపోనీకి బస్సు లేదా?" అని ఇంకొకరు, "పైసలు మిగిలిచ్చుకున్నరు" అని మరొకరు. గ్రూపులో అడిగిన వాళ్లలో ఒక్కరూ వచ్చి నన్ను అడగలేదు. నా గది తలుపు పొద్దున ఎనిమిదిన్నర నుంచి తెరిచే ఉంటుంది. సరే, అడగకపోయినా చెప్తాను.

పూజ మొదట్లో కలశారాధన చేస్తాం కదా. చెంబెడు నీళ్లు పెట్టి, గంధం అక్షతలు వేసి, పైన చెయ్యి మూసి "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు" అంటాం. ఏడు నదుల్నీ ఈ నీళ్లలోకి రమ్మని పిలవడం అది. చెంబులోకి వచ్చే గంగమ్మ రెండొందల లీటర్ల డ్రమ్ములోకి రాదా? నిమజ్జనం రోజు ఆ డ్రమ్ము దగ్గర ఇదే శ్లోకం చదివాం, పసుపు కుంకుమ పెట్టాం. ఐదో తరగతి పాప ఒకతి మధ్యలో ఆపి "ఇందుల మన కృష్ణమ్మ పేరు లేదేంది మేడం?" అంది. మనం తాగేది కృష్ణ నీళ్లే గనక చివర కృష్ణను కూడా చేర్చి మళ్లీ చదివాం. పురోహితులెవరైనా తప్పంటే ఆ తప్పు నాది.

ఇక దేవుణ్ణి ముంచామన్న మాట. ముంచే ముందు ఉద్వాసన చెప్తారు, బొమ్మను ఈశాన్యం వైపు కొద్దిగా కదుపుతారు. ఆవాహన చేసిన దేవుణ్ణి సాగనంపడమే అది. ఆ తర్వాత మిగిలేది మట్టి. చెరువు నుంచి తెచ్చిన మట్టి మళ్లీ మట్టిలో కలవాలన్నదే మట్టి వినాయకుడి పూజలోని ఆచారం. చెరువులో వేసినా డ్రమ్ములో వేసినా జరగాల్సింది అదే, జరిగిందా లేదా అన్నదే చూడాలి. డ్రమ్ములో జరిగింది, పిల్లలు కళ్లతో చూశారు.

చెయ్యాలనుకునేవాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను. అడుగు ఎత్తు బొమ్మకు యాభై లీటర్ల టబ్బు చాలు. బొమ్మ పూర్తిగా ఎండి ఉండాలి. చాలామంది తడిగా ఉంటే తొందరగా కరుగుతుందనుకుంటారు, నిజానికి ఉల్టా. ఎండు మట్టి సందుల్లోకి నీళ్లు దూసుకుపోయి లోపలి గాలిని బయటకు నెడతాయి, బుడగలు వస్తూ పొరలు పొరలుగా విడిపోతుంది. సగం తడిసిన ముద్ద గంటల తరబడి అలాగే కూర్చుంటుంది. మన బొమ్మ పొద్దు వాలేలోపు కూలిపోయింది. మర్నాడు పైన తేరిన నీళ్లు మెల్లగా వంచి చెట్లకు పోశాం. అడుగున మిగిలిన బురదను గోనెసంచి మీద పరిచి ఎండబెడుతున్నాం. బొమ్మతో పాటు పత్రి, దండలు, ప్రసాదం అదే టబ్బులో వేశారో, రెండో రోజుకు కంపు కొడుతుంది. ఆకులు కుళ్లుతూ నీళ్లలోని ప్రాణవాయువును లాగేస్తాయి. చెరువులో చేపలు చచ్చి తేలేదీ ఇందుకే. మట్టి బొమ్మే అయినా కరగకపోతే పైన ఆయిల్ పెయింటైనా ఉండాలి, లేదా అది కాల్చిన మట్టైనా అయి ఉండాలి. కాల్చిన మట్టి కుండ లెక్క, ఎన్నాళ్లున్నా కరగదు.

మట్టి అని చెప్పి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటగట్టే దుకాణాలకు కొదవ లేదు. కొనేటప్పుడు బొమ్మ అడుగున గోరుతో గీకండి. తెల్లటి పొడి రాలితే మట్టి కాదు. రంగు లేని చోట ఒక నీటి చుక్క వేసి వేలితో రుద్దితే మట్టి జారుగా మెత్తబడుతుంది. ప్లాస్టర్ అంటే జిప్సమ్ అనే ఖనిజాన్ని వేడిచేసి చేసిన పొడి, నీళ్లు తగిలితే తిరిగి జిప్సమ్ అయి గట్టిపడుతుంది. జిప్సమ్ లీటరు నీళ్లలో సుమారు రెండు గ్రాములే కరుగుతుంది. ఐదు కిలోల బొమ్మకు రెండున్నర వేల లీటర్లు కావాలన్నమాట, అదీ రంగు పొర అడ్డు రాకపోతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ బొమ్మలు వద్దనే ఉంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపిన దారి ఒకటుంది. బొమ్మ బరువుకు సమానంగా అమ్మోనియం బైకార్బనేట్ (వంటసోడా కాదు, అది వేరు) బకెట్ నీళ్లలో కలిపి, రంగు గీకేసిన బొమ్మను అందులో పెట్టి, రెండు మూడు గంటలకోసారి కలియబెట్టాలి. రెండు రోజుల్లో అడుగున సుద్ద మిగులుతుంది. పైన ఉండేది అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు, అది ఎరువే కాబట్టి బాగా పలచన చేసి మొక్కలకు పోయొచ్చు. అమ్మోనియా ఘాటు వస్తుంది, ఆరుబయట చెయ్యండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఏడో తరగతి పిల్లాడొకడి గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. పేరు రాస్తే సిగ్గుపడతాడు. బడి వెనక పత్రి ఎరువు గుంట వాడి రాజ్యం. తాత కొట్టం నుంచి పేడ మోసుకొచ్చాడు, ముసురు పట్టిన మూడు రోజులూ గుంట మీద పాత తడక కప్పి కాపాడాడు. వాడి లెక్క ఇది: దండల్లోంచి దారం, జరీ, తీగ తీసెయ్యాలి, వత్తులు, కర్పూరం కవర్లు, అగరుబత్తి పుల్లలు ఏరెయ్యాలి. పూలు పత్రి ఒక పొర వేస్తే దానికి రెండింతలు ఎండుటాకులు, పైన గుప్పెడు మట్టి, పేడనీళ్లు. పిండిన గుడ్డలా తడి ఉండాలి. వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో నల్లగా, వాన మట్టి వాసనతో తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకులు కలపాలి. చీమలు పడితే ఎండిపోయినట్టు, నీళ్లు చల్లాలి. "ఇరవై ఒక్క పత్రిల ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటయి మేడం, మేకలకు ఎయ్యొద్దు" అని నాకే పాఠం చెప్పాడు. నిజమే, గన్నేరు ఎండినా విషం పోదు. పూజ అయ్యాక పత్రిని గోడ అవతల విసిరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు మీ ఇళ్ల నుంచి వచ్చిన కుంకుమ పొట్లాలన్నీ పరీక్షించారు. అసలు కుంకుమ పసుపుకు సున్నం తగిలించి ఎర్రబరిచింది. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు పచ్చనవుతుంది. రంగుపొడి కుంకుమ ఎంత పిండినా ఎర్రగానే ఉంటుంది. ఎర్రగా ఉండిపోయినవి ఎన్నో, ఎవరివో నేను రాయను. రంగుపొడి కుంకుమను మాత్రం ఎరువు గుంటలో, నీళ్లలో కలపకండి.

ఇప్పుడు నీళ్ల మాట. ఇది చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుందని మీకు తెలుసు, పెరగనివ్వండి. మన నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు అంటే దేశమంతా ఫ్లోరైడ్ గుర్తుచేసుకునే రోజులున్నాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముందు పళ్లు, తర్వాత ఎముకలు పాడవుతాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నడుములు వంగిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగిన జిల్లా ఇది. ఇవాళ నల్లాలో కృష్ణ నీళ్లు వస్తుంటే, బంగ్లా మీద ట్యాంకు నిండి గంటసేపు వీధిలోకి పారుతున్నా మోటారు ఆపే దిక్కుండదు! వేదంలోని తైత్తిరీయ ఆరణ్యకంలో, అరుణ ప్రశ్న అనే భాగంలో, నీళ్లలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు అని సూటిగా ఉంది. అది చదివే దేశంలో పండగ మర్నాడు చెరువుగట్టున నిలబడి చూడండి. ఇంట్లో చెయ్యగలిగేవి చిన్నవే. సెకనుకో చుక్క కారే నల్లా రోజుకు తక్కువలో తక్కువ నాలుగు లీటర్లు పోగొడుతుంది, వాషర్ మార్చండి. ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటకు వదులుతుంది, బకెట్‌లో పట్టి బండలు తుడవండి, బాత్రూంలో పోయండి. వాటిలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి తులసి కోటలో మాత్రం పోయకండి.

మధ్యాహ్నం డబ్బాల గురించి కూడా రెండు ముక్కలు. "అన్నం న నింద్యాత్", అంటే అన్నాన్ని నిందించకూడదు, అని ప్రార్థనలో పిల్లలతో చెప్పిస్తున్నాం. గంట తర్వాత సగం అన్నం కుక్కలకు పోతోంది. మూడో తరగతి బిడ్డకు నాలుగు చపాతీలు, పైన పులిహోర! మీ ప్రేమ మాకు తెలుసు, పిల్ల కడుపు ఎంతో మీకు తెలియదా? ఒక పూట తక్కువ పెట్టి చూడండి, ఆకలేస్తే వాళ్లే అడుగుతారు. కూరను కవర్లో కట్టి పంపడం, పుట్టినరోజుకు మెరుపు కాగితాల చాక్లెట్లు సంచులకొద్దీ పంచడం కూడా ఆపితే సంతోషిస్తాం. వేడి కూర పలచటి కవర్లో పోసేది బజారులో తప్పక, ఇంట్లో స్టీలు గిన్నె ఉండగా ఎందుకు? ప్రాజెక్టుల పేరుతో దుకాణంలో కొన్న థర్మోకోల్ సూర్యకుటుంబాలు ఇక తీసుకోం. అలంకరణ థర్మోకోల్ మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. పైగా వాటిని చేసింది పిల్లలు కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. గీతలో స్వామి అడిగింది పత్రం, పుష్పం, ఫలం, తోయం. థర్మోకోల్ అడగలేదు.

ఎస్‌ఏ-1 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, దసరా సెలవుల తేదీలు సర్క్యులర్ రాగానే చెప్తాం, బస్సు ఫీజు బాకీ ఉన్నవాళ్లు కట్టెయ్యండి, నులిపురుగు మాత్రల అంగీకార పత్రం ఇంకా ఇవ్వనివాళ్లు ఇవ్వండి. గేటు దగ్గర బండ్లు ఆన్‌లో పెట్టి ముచ్చట్లు వద్దు, ఒకటో తరగతి పిల్లల ముక్కులు మనకంటే సైలెన్సర్‌కు దగ్గరగా ఉంటాయి.

సెలవులకు ముందు రోజు బడిలో బతుకమ్మ ఆడతాం. తంగేడు పువ్వును కాడతో గిల్లి తేవాలి, కొమ్మలు విరిచి తేవద్దు. గునుగును రంగు నీళ్లలో ముంచకుండా తెల్లగానే తెండి, ఆ రంగు ముందు పిల్లల చేతులకు, తర్వాత చెరువుకు అంటుతుంది. అడుగున అట్టముక్క, థర్మోకోల్ పళ్లెం పెట్టొద్దు. తాంబాలంలో పేర్చి పూలనే నీళ్లలోకి జారవిడిచి తాంబాలం వెనక్కి తెచ్చుకోవడం మన అమ్మమ్మలు చేసిందే. సత్తుపిండి, మలీద ముద్దలకు మోదుగాకు ఇస్తర్లు మేమే తెప్పిస్తున్నాం, కాగితం ప్లేట్లు పంపకండి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్నవి కుళ్లవు. ఇతర మతాల పిల్లలు ఆడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, ఇంటివాళ్ల ఇష్టం. పూలు ఏరడానికి మాత్రం ఏటా ముందు వరసలో ఉండేది వాళ్లే.

నిమజ్జనం మట్టి శనివారానికి ఎండుతుంది. వచ్చే ఏడు బొమ్మ కోసం కొంత దాచి, మిగిలింది ఇస్తాం. పొడి కొట్టి జల్లించి, మూడో వంతు ఎర్రమట్టి కలిపితే ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ వస్తాయి, వినాయకుణ్ణి నీడలోనే ఆరబెట్టాలి. కావలసిన వాళ్లు పది గంటలకు వచ్చి ఆఫీసు ముందు తీసుకెళ్లండి. గుడ్డ సంచి తెచ్చుకోండి, కవర్లు ఇక్కడ దొరకవు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు