పైలట్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇంటర్ పరీక్షలు అయిపోయినప్పటి నుంచి తిరుపతిలో ఎటు చూసినా 'మీ పిల్లల్ని పైలట్ చేయండి' అనే ఫ్లెక్సీలే. కుప్పంలో విమానాశ్రయం వస్తుందన్న మాట మొదలయ్యాక మా బంధువుల్లోనే ముగ్గురు ఫోన్ చేసి 'అక్కా, మావాణ్ణి చేర్చొచ్చా?' అని అడిగారు. మా అమ్మాయి ఒక విమాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసరు, అంటే కో-పైలట్. అందుకే నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే మీ పత్రికలో రాస్తే పదిమందికి ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం.

చిత్తూరు దగ్గర మాకు తెలిసిన రైతు ఒకాయన కొడుకు కోసం మామిడి తోట తాకట్టు పెట్టి, ఒక శిక్షణ సంస్థకు మొదటి కంతు కట్టేశాడు. ఆ తర్వాత వైద్య పరీక్షకు పంపితే అబ్బాయికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదని తేలింది. రంగుల చుక్కల పుస్తకం చూపించి ఏ కంటి డాక్టరైనా ఐదు నిమిషాల్లో చెప్పగలిగే విషయం అది. ఫీజు తీసుకున్నవాళ్లు ముందు ఆ మాట అడగలేదు, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వనూ లేదు. అబ్బాయి తెలివైనవాడు, ఇంకో చదువు చదువుకుంటాడు. తోట మీద వడ్డీ మాత్రం తండ్రి ఇప్పటికీ కడుతున్నాడు. క్లాస్ టూ, క్లాస్ వన్ అని రెండు వైద్య పరీక్షలుంటాయి. క్లాస్ వన్ గట్టెక్కనిదే కమర్షియల్ లైసెన్సు, అంటే జీతానికి విమానం నడిపే అనుమతి, రాదు. మనకు దగ్గర్లో బెంగళూరులోనే ఆ పరీక్షలు చేసే చోటుంది. దయచేసి ముందు అక్కడికి వెళ్లండి, బ్యాంకుకు తర్వాత వెళ్లొచ్చు.

ఇక ఖర్చు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ లెక్క ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు కనీసం 200 గంటలు విమానం నడపాలి. పద్దెనిమిది నెలల్లో అయిపోతుందని మాకు చెప్పారు. వానలు, విమానాల రిపేర్లు, వంతు కోసం ఎదురుచూపులు, అన్నీ కలిసి మూడేళ్లకు దగ్గర పట్టింది. కొర్లగుంటలో మా ఇల్లు తాకట్టు పెట్టి 50 లక్షల అప్పు తెచ్చాం. లైసెన్సు చేతికొచ్చింది 2020లో. అప్పుడే కరోనా. విమానాలే ఎగరడం లేదు, ఇక కొత్తవాళ్లకు ఉద్యోగమెక్కడిది? విద్యారుణంలో కోర్సు అయ్యాక ఒక ఏడాది గడువిస్తారు. మాకు ఆ ఏడాది అయిపోయింది, ఉద్యోగం రాలేదు. నెలకు 68 వేల కంతు నా పెన్షన్‌లోంచీ, మావారి పెన్షన్‌లోంచీ కట్టాం. అమ్మాయి ఇంట్లో కూర్చుని ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పింది. లైసెన్సు ఊరికే బీరువాలో పెడితే నిలవదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత, ఏటా రెన్యూ చేయించాలి, మెడికల్ ఏటా చేయించాలి, అదంతా మళ్లీ ఖర్చే. ఉద్యోగం కావాలంటే ఫలానా రకం విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత, ఉండాలన్నారు. దానికి మా మామగారి కాలం నాటి కయ్య అమ్మేశాం. ఈ మాట ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

2022లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నెలకు రెండు లక్షలు దాటి వస్తోంది, కంతు తనే కడుతోంది. ఆ జీతం ఊరికే రాదు. దగ్గు టానిక్ కూడా తాగదు, డ్యూటీకి ముందు బ్రీత్ అనలైజర్‌లో ఊదాలి కదా అంటుంది. ఆర్నెల్లకోసారి సిమ్యులేటర్‌లో పరీక్ష. పండక్కి వస్తే కిటికీలకు నల్లదుప్పట్లు కట్టి పగలంతా పడుకుంటుంది. ముందురోజు రాత్రంతా మేలుకుని ఉంటుంది మరి. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు 'రాత్రిళ్లు ఇంట్లో ఉండదా?' అని నన్ను వంటింట్లోకి వచ్చి అడిగారు. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడపిల్లలే, ప్రపంచ సగటుకు ఇది మూడింతలు. వాళ్ల తల్లులందరూ ఈ ప్రశ్న విన్నవాళ్లే అయివుంటారు.

ఒకసారి రేణిగుంటకే డ్యూటీ పడింది. పులిహోర డబ్బా పట్టుకుని పోయాను. అరగంటలో తిరుగు ప్రయాణం, తను బయటికి రాకూడదు, నేను లోపలికి పోకూడదు. విమానాశ్రయం పక్క రోడ్డు మీద నిలబడి విమానం లేచేదాకా చూశాను. రాత్రికి ఫోన్ చేసి 'అమ్మా, ఈరోజు దించింది నేనే, దిగేటప్పుడు మన కొండ కనిపించింది' అంది. ఆ గొంతులో సంతోషం విన్నాక అమ్మిన కయ్య గురించి నాకు బాధ లేదు. అందుకే ఎవరినీ వద్దని అనడం లేదు.

పైలట్ల విశ్రాంతి గురించి కూడా చెప్పాలి. 2025 నవంబరు నుంచి కొత్త నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయితే, స్వామి దర్శనానికి వచ్చి ఇరుక్కుపోయినవాళ్లు నిబంధనల్నీ పైలట్లనూ తిట్టడం నేను విన్నాను. దాదాపు రెండేళ్ల ముందే తెలిసిన నిబంధనలకు సరిపడా మనుషుల్ని పెట్టుకోవడం కంపెనీల పని. నిద్రలేని మనిషి చేతిలో నూట ఎనభై ప్రాణాలు పెట్టమని ఏ భక్తుడూ కోరడు. అప్పుడు ఇండిగోకు ఈ నిబంధనల్లో ఇచ్చిన సడలింపుల్లాంటివి మళ్లీ మళ్లీ ఇవ్వకూడదు.

పౌర విమానయాన మంత్రి మన తెలుగువారే. ఆయనకు నా విన్నపం ఇది. వైద్య పరీక్ష పాసైన కాగితం చూడకుండా ఏ సంస్థా ఫీజు తీసుకోకూడదు. టైప్ రేటింగ్‌తో సహా మొత్తం ఖర్చు, గత బ్యాచ్‌లో ఎంతమందికి ఎన్ని నెలల్లో ఉద్యోగం వచ్చిందో రాతపూర్వకంగా ఇవ్వాలి. శిక్షణ సంస్థలకు డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి ర్యాంకులు ఇస్తోంది. వాటిని తెలుగులో మన జూనియర్ కాలేజీల నోటీసు బోర్డుల్లో పెట్టించాలి. అప్పు గడువు విషయం బ్యాంకులు ఆలోచించాలి.

మొదటి రోజు నుంచి ప్రతి రూపాయీ రాసిన నోటుపుస్తకం నా దగ్గరుంది. మా వీధిలో అడిగినవాళ్లకు చూపిస్తున్నాను. మీ పత్రిక వేస్తానంటే ఆ లెక్క మొత్తం పంపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కొర్లగుంట, తిరుపతి