మెడ వాలిందని కుందేల్ని బయట వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్తే,

ఈ మధ్య మీ పేపర్లో పెంపుడు కుందేళ్ళ జబ్బు గురించి చిన్న వార్త వేశారు, మెడ పక్కకి వాలిపోతుంది, మిగతా కుందేళ్ళకి అంటుకుంటుంది, మనుషులకీ రావచ్చు అని మూడు ముక్కల్లో చెప్పి వదిలేశారు. అందులో అబద్ధం ఏం లేదు గానీ చదివినోళ్ళు ఏం చేయాలో మాత్రం లేదు, దాంతో ఎవరికి తోచింది వాళ్ళు చేస్తున్నారు. ఒకటి మెడ వాలిస్తే బోనులో ఉన్న అన్నిటినీ తీసుకెళ్ళి పార్కులో వదిలేసేవాళ్ళు ఉన్నారు, ఇంజెక్షన్ ఇప్పించి చంపేద్దామా అని అడిగేవాళ్ళు ఉన్నారు, ఇంకొంతమంది చడీచప్పుడు లేకుండా వేరేవాళ్ళకి అంటగట్టేస్తున్నారు. అనుమానం వచ్చినంత మాత్రాన ఇంత పని చేయక్కర్లేదు, అసలు ఆపాల్సింది ఇంట్లో కాదు కుందేళ్ళు అమ్మే చోట, అది చెప్దామనే ఈ లెటర్.

మీ వార్తలో పేరు లేదు గానీ ఆ లక్షణాల్ని బట్టి అది ఎన్‌సెఫలిటోజూన్ క్యునిక్యులై, పెంచేవాళ్ళూ డాక్టర్లూ పొట్టిగా ఈసీ అంటారు. కొత్తగా ఊడిపడిందేం కాదు, 1922లోనే కుందేళ్ళలో దీన్ని గుర్తించారు. మెదడునీ కిడ్నీలనీ పట్టే, కంటికి కనపడని పరాన్నజీవి, ఇప్పుడు సైంటిస్టులు ఇది ఫంగస్‌కి దగ్గర చుట్టం అంటున్నారు, ఆ గొడవ మనకొద్దులెండి. ఎలా పాకుతుందంటే, ఇన్ఫెక్షన్ ఉన్న కుందేలు మూత్రంలో దీని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి కణాలు, బయటికొస్తాయి, ఆ మూత్రం తగిలిన గడ్డో నీళ్ళో ఇంకో కుందేలు నోట్లోకి పోతే దానికీ వస్తుంది. తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి కూడా పోతుంది, అలాంటి పిల్లలకే పెద్దయ్యాక కంట్లో తెల్లగా శుక్లం లాగా కనపడుతుంటుంది. ఇన్ఫెక్షన్ పట్టిన నెలా నెలన్నరకి స్పోర్లు మూత్రంలో పడటం మొదలవుతుంది, మూడు నెలలకల్లా చాలావరకు తగ్గిపోతుంది.

మెడ వాలడం మాత్రం నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో కూడా రావచ్చు, చాలా కుందేళ్ళకి అసలు రానే రాదు. అంటే మనం భయపడి ఇంట్లోంచి గెంటేసే రోజుకి ఆ కుందేలు స్పోర్లు వదలడం ఎప్పుడో ఆపేసి ఉండొచ్చు, దాని పక్కన పడుకుని ఒకే గిన్నెలో తిన్న జోడీకి అంటుకోవాల్సింది ఎప్పుడో అంటుకుని ఉంటుంది. అందుకే జబ్బు కుందేల్ని బయటికి పంపి మిగతావాటిని కాపాడామనుకోవడం ఉత్తదే.

టెస్ట్ సంగతి కూడా చెప్పాలి ఎందుకంటే దాని మీదే ఎక్కువ గందరగోళం ఉంది. రక్తంలో యాంటీబాడీలు, అంటే ఆ జబ్బుతో పోరాడ్డానికి ఒంట్లో తయారయ్యేవి, ఉన్నాయా అని చూస్తారు, పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ కుందేలు దీని బారిన పడింది అని మాత్రమే అర్థం, ఇప్పుడు మెడ వాలింది దీనివల్లే అని కాదు. బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుందేళ్ళని టెస్ట్ చేసి 2006లో ఫలితాలు ఇచ్చారు, అందులో 52 శాతానికి పాజిటివ్. పాజిటివ్ వచ్చినవాటిని వదిలించుకోవాలంటే ఆ లెక్కన సగం కుందేళ్ళు రోడ్డున పడాలి, హాయిగా గంతులేస్తున్నవి కూడా! నెగటివ్ వస్తే మాత్రం మంచి ఉపయోగం, డాక్టర్ వేరే కారణం వెతుక్కుంటారు. ఆ వేరే కారణం చాలాసార్లు లోపలి చెవిలో ఇన్ఫెక్షనే ఉంటుంది, దానికీ మెడ అచ్చం ఇలాగే వాలుతుంది, మందు మాత్రం పూర్తిగా వేరు. బయటి నుంచి చూసి ఇది ఈసీనే అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి, డాక్టర్ చెవి లోపల చూడాలి, కళ్ళు చూడాలి, వెనక కాళ్ళలో బలం ఎంతుందో చూడాలి, అవసరమైతే ఎక్స్‌రే.

చూడ్డానికి భయంగా ఉంటుంది, కాదనను. తల పక్కకి తిరిగిపోయి ఒక కన్ను నేలకి, ఒక కన్ను పైకి ఉంటుంది, కనుగుడ్లు అటూ ఇటూ గబగబా కొట్టుకుంటాయి, ఎత్తుకోబోతే బెదిరి గిరగిరా దొర్లిపోతుంది. అలా దొర్లేటప్పుడు కన్ను నేలకి రాసుకుని దెబ్బ తగులుతుంది కాబట్టి చిన్న పెట్టెలో చుట్టూ టవళ్ళు చుట్టలు చుట్టి ఆనుకోడానికి పెట్టాలి, గడ్డీ ఆకులూ మూతి దగ్గరకే అందేలా పెట్టాలి, నీళ్ళు వంగి తాగలేకపోతే సిరంజితో నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పోయాలి. అన్నిటికంటే ముఖ్యం తిండి. కుందేలు సగం రోజు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉందంటే అది మెడ కంటే పెద్ద ఎమర్జెన్సీ, పేగులు ఆగిపోయి ప్రాణం పోతుంది, రేపు చూద్దాం అనుకోడానికి లేదు.

ఈసీకి మామూలుగా ఇచ్చేది నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్, కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల చొప్పున రోజూ 28 రోజులు. నేను రాశాను కదా అని ఎవరూ సొంతంగా పోసేయొద్దు, డోసు ఎక్కువైతే ఎముక మజ్జ దెబ్బతింటుంది, బరువు తూచి డాక్టరే రాయాలి. జోడీగా ఉన్నవాటిని విడదీస్తే రెండూ బెంగ పెట్టుకుని తిండి మానేస్తాయి, అందుకని చాలామంది డాక్టర్లు రెండిటికీ కలిపే మందు ఇస్తారు. మందు పరాన్నజీవిని ఆపుతుంది గానీ మెదడులో జరిగిన డ్యామేజ్ అంతా వెనక్కి రాదు, కొన్నిటికి మెడ కొంచెం వంకరగానే మిగిలిపోతుంది, వంకర మెడతోనే తింటూ తిరుగుతూ ఏళ్ళ తరబడి బతికేవి ఉన్నాయి. కొన్ని బతకవు, ముఖ్యంగా కిడ్నీలు పాడైనవి, అదీ నిజమే.

క్లీనింగ్ విషయంలో రోజూ మూత్రం తడిసిన గడ్డి తీసేయడం, గిన్నెలు మరిగే నీళ్ళలో వేసి ఐదు నిమిషాలు ఉంచడం, సగం పని ఇక్కడే అయిపోతుంది. బోనుకి పలచగా కలిపిన బ్లీచ్ వాడొచ్చు, కాకపోతే ముందు మూత్రం బాగా కడిగేయాలి, మూత్రంలో ఉండే అమోనియాతో బ్లీచ్ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, కుందేలు పిల్లలకి విరేచనాలు తెచ్చే కాక్సిడియా అనే ఇంకో పరాన్నజీవి ఉంది, దాని గుడ్లకి బ్లీచ్ లెక్కే లేదు, మరిగే నీళ్ళో ఆవిరో కావాలి. అవి పెంటికల్లో బయటికొచ్చాక అంటుకునే దశకి రావడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది కాబట్టి రోజూ ఊడ్చేస్తే చాలావరకు అడ్డుకోవచ్చు. చెవిలో పెచ్చులు కట్టే గజ్జి ఇంకోటి, పెచ్చులు గోటితో పీకొద్దు, పచ్చిపుండు అయిపోతుంది, మందు పడితే వాటంతటవే రాలతాయి. కుక్కలకి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు ఇంట్లో ఉన్నాయి కదా అని కుందేలుకి వేయడం మాత్రం చచ్చినా చేయకండి, ప్రాణాలు పోతాయి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోట్లో పోయడం కూడా అంతే.

మనుషుల సంగతికి వస్తే ఈసీ మనిషికి రావడం అరుదు, వచ్చినవాళ్ళు ఎక్కువగా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళే, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు. అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే బోను క్లీనింగ్ వేరేవాళ్ళు చేయాలి, వాళ్ళ డాక్టర్‌కి ఇంట్లో కుందేలు ఉందని చెప్పాలి. మిగతావాళ్ళకి గ్లవ్స్, సబ్బుతో చేతులు కడుక్కోవడం సరిపోతాయి. కాక్సిడియా అయితే కుందేలు నుంచి మనకి రాదు.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుందేలు పిల్లల్ని ఒకే బోనులో కుక్కి, ఒకే నీళ్ళ తొట్టి పెట్టి అమ్మితే ఈసీ ఏంటి, కాక్సిడియా ఏంటి, గజ్జి ఏంటి, అన్నీ అక్కడే పంచుకుంటాయి. కొన్నవాళ్ళు నెలల తర్వాత మెడ వాలడం చూసి మన ఇంట్లోనే ఏదో తప్పు జరిగిందనుకుంటారు, అమ్మినవాళ్ళని అడిగేవాళ్ళే ఉండరు. కొత్తగా వచ్చిన కుందేల్ని కనీసం నెల రోజులు విడిగా ఉంచాలని అమ్మేవాళ్ళకీ షెల్టర్లకీ రూల్ పెట్టాలి. మూత్రంలో స్పోర్లు పడకముందే రక్తంలో యాంటీబాడీలు కనపడతాయి కాబట్టి నాలుగు వారాల తేడాతో రెండుసార్లు టెస్ట్ చేస్తే, కొత్తగా ఇన్ఫెక్షన్ పట్టినదాన్ని అది వేరేవాటికి అంటించేలోపే పట్టుకోవచ్చు. ప్రతి దుకాణం టెస్టులు చేయిస్తుందని నాకేం భ్రమ లేదు, ఖర్చు అంటారు. విడిగా ఉంచడానికి, విడి గిన్నె పెట్టడానికి అంత ఖర్చేం కాదు కదా.

ఇంకోటి, అమ్మేటప్పుడో దత్తత ఇచ్చేటప్పుడో ఒక చీటీ ఇవ్వాలి, ఆ పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని రోజులు విడిగా ఉంచారు, దాంతో పాటు ఉన్నవాటిలో ఏదైనా జబ్బు పడిందా అని. మెడ వాలితే డాక్టర్ మొట్టమొదట అడిగేది అవే ప్రశ్నలు, ఇప్పుడు వాటికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ విషయం పశుసంవర్ధక శాఖ వాళ్ళ దృష్టికి వెళ్ళేలా మీ పేపర్ ఒకసారి గట్టిగా రాయాలని కోరుతున్నా.

ఇట్లు,
కుందేళ్ళు పెంచుకునే ఒక పాఠకురాలు