అక్వేరియం పచ్చికను కోయడం గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి అలంకరణ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలతో పాటు మొక్కల అక్వేరియం ఫొటోలు ఈ మధ్య తరచూ కనిపిస్తున్నాయి. అడుగంతా పచ్చిక పరుచుకున్న ఆ ఫొటోల కింద ఏ మొక్క నాటాలో, ఎంత వెలుతురు కావాలో, కార్బన్ డయాక్సైడ్ ఎలా అందించాలో వివరంగానే రాస్తున్నారు గానీ, పెరిగిన పచ్చికను కోయకపోతే ఏమవుతుందో చెప్పిన వ్యాసం నా కంటబడలేదు. ఆ సంగతి తెలియక నష్టపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నేను నాటింది మాంటే కార్లో అనే, నేలమీద పాకే చిన్న ఆకుల మొక్క. కొన్ని నెలలకే మట్టి కనిపించకుండా అల్లుకుంది. చూడముచ్చటగా ఉండటంతో కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు. ఒక ఉదయం చూస్తే, ఒక మూల అరచేయంత మేర పచ్చిక చాప అంచులా పైకి లేచి ఉంది. సర్దుదామని వేలు పెడితే పక్కదీ ఊడి చేతిలోకి వచ్చింది. తిరగేసి చూశాను: పైన వేలి మందాన ఆకుపచ్చ, దాని కింద ఆకులు రాలిపోయి పసుపుపచ్చగా మారిన కాడలు, అట్టడుగున ముట్టుకుంటే చిదిగిపోయే గోధుమరంగు వేళ్లు.

మట్టి మీద చోటు అయిపోయాక ఈ తీగ తన పాత కాడల మీదే పాకుతూ పొరలు పొరలుగా పేరుకుంటుంది. కింది పొరకు వెలుతురు అందదు, నీరు ఆడదు, చేపల వ్యర్థాలు మాత్రం అక్కడే చేరుతాయి. వేళ్లు పట్టు వదిలేసిన సమయంలో, ఆకులు విడిచే ఆక్సిజన్ బుడగలు అల్లిక కింద చిక్కుకుంటే, చాప మొత్తం నీటిపైకి తేలుతుంది. అంటే మొక్క చావడానికి కారణం ఎరువు తక్కువ కావడం కాదు, అది బాగా పెరగడమే.

అందుచేత పచ్చిక మూడు సెంటీమీటర్ల మందానికి రాకముందే, వంపు కత్తెరతో ఒకటిన్నర సెంటీమీటరు దాకా కోయాలి. కోసిన చోట కింది కణుపుల నుంచి కొత్త కొమ్మలు వచ్చి అల్లిక చిక్కబడుతుంది. ఇలాగే పరుచుకునే, మరీ చిన్న ఆకుల ‘క్యూబా’ అనే మరో పచ్చిక మొక్కకు వేళ్ల పట్టు తక్కువ కాబట్టి, కత్తెరతో లాగకుండా మెల్లగా కత్తిరించాలి. గడ్డిలా నిలువుగా పెరిగే హెయిర్‌గ్రాస్‌ను రెండు సెంటీమీటర్లకు కోసినా భయం లేదు. తెగిన పోచల కొనలు కొన్నాళ్లు గోధుమరంగులో ఉన్నా, మొదళ్ల నుంచి కొత్త పోచలు వస్తాయి.

కోసే ముందు ఫిల్టర్ ఆపాలి. ఆపకపోతే తునకలు ట్యాంకంతా చెదిరి ఫిల్టర్ గొట్టానికి అడ్డుపడతాయి; ఆపితే పైకి తేలి ఒకచోట చేరతాయి, వలతో తీసేయవచ్చు. ఆ వలను బయట దులిపే ముందు రొయ్యపిల్లలేమైనా చిక్కాయేమో ఒకసారి చూడండి, నాకు ప్రతిసారీ ఒకటో రెండో దొరుకుతాయి. పిమ్మట నీరు తోడే గొట్టాన్ని పచ్చిక పైపైన తిప్పుతూ మడ్డి లాగి, దాదాపు సగం నీరు మార్చడం మంచిది, ఎందుకంటే తెగిన కాడల నుంచి ఊరే రసాలు, కదిలిన మురికి నీటిలో ఉండిపోతే పాచి పట్టే ప్రమాదం ఉంది. అదే కారణంతో నేను ఈ వారం సగం, రెండు వారాల తర్వాత మిగతా సగం కోస్తాను. ఒక్కరోజులో అంతా గొరిగేస్తే నీటిలోని పోషకాలను తీసుకునే ఆకులు ఒక్కసారిగా తగ్గిపోతాయి.

ఊడిపోయిన నా పచ్చికలో పైపొర కాడలు బాగానే ఉండటంతో, వాటిని చిన్న దుబ్బులుగా విడదీసి, పట్టకారుతో రెండేసి సెంటీమీటర్ల ఎడంలో మళ్లీ గుచ్చాను. అదే మళ్లీ పరుచుకుంది.

మీ పత్రికలో ఈ విషయంపై ఇకముందు వ్యాసం వేసేటప్పుడు కోతకు కూడా ఒక పేరా కేటాయించవలసిందిగా మనవి. కోసిన ముక్కలను కాలువల్లో, చెరువుల్లో పారవేయవద్దని కూడా అందులో చేర్చండి. గుర్రపుడెక్క కూడా అందమైన పువ్వు కోసం ఒక దేశం నుంచి మరో దేశానికి మనుషులు తీసుకెళ్లిన మొక్కే. నేనైతే ఆ ముక్కలను పూర్తిగా ఎండబెట్టి పూలకుండీ మట్టిలో కలుపుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు